కనెక్టికట్‌లో పిస్టల్ పర్మిట్: ముందు వీసా చూసుకోండి, తర్వాత శిక్షణ, ఆ తర్వాతే దరఖాస్తు

మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుంటే ఇది. కనెక్టికట్ రాష్ట్రంలో హార్ట్‌ఫర్డ్ దగ్గర సొంత ఇల్లు, ఇద్దరు చిన్న పిల్లలు, దంపతులిద్దరికీ ఈ మధ్యే గ్రీన్‌కార్డు వచ్చింది. మీ కాలనీలో తెలుగువాళ్ల ఇళ్లలో దొంగలు పడి బంగారం ఎత్తుకెళ్లారు. మీరెప్పుడూ తుపాకీ పట్టుకోలేదు. ఎక్కడ నేర్చుకోవాలి, పర్మిట్ ఎలా తీసుకోవాలి, హెచ్-1బీ మీద ఉన్న మీ తమ్ముణ్ని కూడా వెంట తీసుకెళ్లవచ్చా అని అడిగారు. ఇంట్లో తుపాకీ ఉండటం మీ భార్యకు ఇష్టం లేదని చివర్లో రాశారు. నా దృష్టిలో మీ ప్రశ్నలో అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం అదే. దాని సంగతి తర్వాత చెబుతాను.

సూటిగా జవాబు: గ్రీన్‌కార్డు చేతిలో ఉండి, 21 ఏళ్లు నిండి, చట్టం అడ్డుచెప్పే నేరచరిత్ర ఏమీ లేకపోతే మీరు దరఖాస్తు చేసుకోవచ్చు. నిజమైన తూటాలతో కాల్చడం నేర్పే భద్రతా తరగతి పూర్తిచేసి, ఆ సర్టిఫికెట్‌తో మీ ఊరి పోలీసు శాఖలో దరఖాస్తు పెట్టాలి. వాళ్లు ఇచ్చే తాత్కాలిక పర్మిట్‌తో రాష్ట్ర కార్యాలయానికి వెళితే ఐదేళ్ల పర్మిట్ ఇస్తారు. మీ తమ్ముడు మాత్రం తుపాకీని తాకకూడదు. ఇక నా సలహా: తరగతికి మీరిద్దరూ కలిసి వెళ్లండి. కొనాలా వద్దా అన్నది అది పూర్తయ్యాకే తేల్చుకోండి.

నేను ఈ రాష్ట్రంలో ఏళ్ల తరబడి కొత్తవాళ్లకు పిస్టల్ భద్రత నేర్పుతున్నాను. నా దగ్గరకు వచ్చే తెలుగువాళ్లలో చాలామంది పర్మిట్ కాగితాల గురించి బాగా చదువుకుని వస్తారు. వీసా గురించి అడిగేవాళ్లు మాత్రం అరుదు. అందుకే అక్కడినుంచి మొదలుపెడతాను.

వీసా సంగతి. హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1, సందర్శకుల బీ-2 లాంటి వలసేతర వీసాల మీద వచ్చినవాళ్లు తుపాకీని గానీ తూటాను గానీ తమ అధీనంలో ఉంచుకోవడం అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం నేరం. ‘నాకు సొంత తుపాకీ లేదు కదా, వారాంతంలో స్నేహితులతో వెళ్లి, కాల్పుల సాధన చేసే రేంజిలో అద్దెకు తీసుకుని పది తూటాలు కాల్చి వస్తే ఏమవుతుంది’ అని చాలామంది అనుకుంటారు. అద్దెకు తీసుకున్న తుపాకీ అయినా, అది చేతిలో ఉన్నంతసేపూ మీ అధీనంలో ఉన్నట్టే. గరిష్ఠ శిక్ష 15 ఏళ్ల జైలు. ఫ్లోరిడాలో విద్యార్థి వీసా మీద వచ్చిన రెహైఫ్ అనే యువకుడు చదువు ఆగిపోయి వీసా హోదా పోయాక ఒక ఫైరింగ్ రేంజికి వెళ్లి కాల్చాడు. కింది కోర్టులో శిక్ష పడింది. 2019లో సుప్రీంకోర్టు అతని పక్షాన తీర్పిచ్చింది. తన హోదా ఏమిటో నిందితుడికి తెలుసని ప్రభుత్వం రుజువు చేయాలన్నది ఆ తీర్పు సారాంశం. రేంజిలో సరదాగా కాల్చిన కాసేపు అంత దూరం తీసుకెళ్లింది. మీ తమ్ముడికి తన హోదా ఏమిటో తెలియకపోవడమన్నది ఉండదు కాబట్టి ఆ తీర్పు అతనికి అక్కరకు రాదు.

చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉన్న మాట నిజమే. ‘లైసెన్సు ఆన్‌లైన్‌లో తీసుకుంటే చాలు’ అని ఎవరో చెప్పారని రేంజికి వెళ్లవద్దు. ఆ దారిలో వెళ్లాలనుకుంటే ముందు తుపాకీ చట్టమూ ఇమిగ్రేషనూ రెండూ తెలిసిన న్యాయవాదితో మాట్లాడాలి. నా తరగతిలో మీ తమ్ముడిలాంటివాళ్లు పాఠం కూర్చుని వినవచ్చు. బల్ల మీది తుపాకీ దగ్గరకు మాత్రం రానివ్వను. గ్రీన్‌కార్డు దరఖాస్తు పెండింగులో ఉన్నవాళ్లకు కూడా కార్డు చేతికి వచ్చేదాకా ఆగమనే చెబుతాను.

మీ అమ్మానాన్నలు ఎండాకాలంలో ఇండియా నుంచి వచ్చి ఉంటారు కదా. వాళ్లది బీ-2. తుపాకీ పెట్టిన లాకర్ కోడ్ వాళ్లకు చెప్పకండి. కోడ్ తెలిస్తే ఆ తుపాకీ వాళ్ల అధీనంలోనూ ఉందని వాదించడానికి ఆస్కారం ఇచ్చినట్టవుతుంది.

ఇంకొకటి. పౌరసత్వానికి పెట్టుకునే ఎన్-400 ఫారంలో ఆయుధ శిక్షణ ఎప్పుడైనా పొందారా అనే ప్రశ్న ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు రాయాలి. భద్రతా తరగతి చేసినంత మాత్రాన పౌరసత్వం ఆగదు, దాచితే ఇబ్బంది. సర్టిఫికెట్ కాపీ, తరగతి ఎక్కడ ఎప్పుడు జరిగిందో వివరాలు జాగ్రత్తగా పెట్టుకోండి.

ఇక శిక్షణ. వీడియోలు చూసి ఆన్‌లైన్‌లో పరీక్ష రాస్తే ఇచ్చే సర్టిఫికెట్లు ఇక్కడ చెల్లవు. పిస్టల్‌తోనో రివాల్వర్‌తోనో నిజమైన తూటాలు కాల్చిన శిక్షణే కావాలి. చాలా ఏళ్లుగా నేషనల్ రైఫిల్ అసోసియేషన్ వాళ్ల ప్రాథమిక పిస్టల్ కోర్సే అందరూ చేస్తూ వచ్చారు. 2023లో వచ్చిన చట్టం వల్ల 2024 జులై నుంచి పాఠ్యాంశాలు పెరిగాయి. తుపాకీని ఇంట్లో భద్రపరచడం, ఎప్పుడు వాడటం చట్టబద్ధం, బయట వెంట పెట్టుకునేటప్పుడు పాటించాల్సిన నిబంధనలు కూడా నేర్పి తీరాలి. కాబట్టి డబ్బు కట్టేముందు ‘ఇది ఇప్పటి రాష్ట్ర నిబంధనల ప్రకారం ఆమోదం ఉన్న కోర్సేనా’ అని అడగండి. పాత సర్టిఫికెట్ ఉందనేవాళ్లు దాని తేదీ కూడా చూసుకోవాలి. దరఖాస్తుకు ముందు రెండేళ్లలోపు చేసిన శిక్షణ అయి ఉండాలి.

తరగతిలో నేర్పేదంతా చివరకు మూడు అలవాట్ల దగ్గరకు వస్తుంది. తుపాకీ గొట్టం ఎప్పుడూ ఎవరికీ హాని కలగని వైపు ఉండాలి. కాల్చాలని నిర్ణయించుకునేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. వాడబోయేదాకా తుపాకీలో తూటా ఉండకూడదు. చదివితే ఇంతేనా అనిపిస్తుంది. చేతికి తుపాకీ ఇచ్చిన మరుక్షణం నూటికి తొంభై మంది చూపుడువేలు నేరుగా ట్రిగ్గర్ మీదికే వెళుతుంది. సినిమాల్లో చూసిన అలవాటు ఒకటి, ఆ పిడి తయారైన తీరు ఒకటి. అందుకే మొదటి గంటలో నేను తూటా అనే మాటే ఎత్తను. తూటా పట్టని నమూనా పిస్టల్ ఇచ్చి తీయమంటాను, పెట్టమంటాను, పక్కవాళ్లకు అందించమంటాను. వేలు స్లైడు (పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ కదిలే భాగం) పక్కన నిటారుగా ఆనించి ఉంచడం అలవాటయ్యేదాకా అదే పని. కొందరికి విసుగు వస్తుంది. అయినా నేను తగ్గించను.

రెండోది, తుపాకీ ఖాళీగా ఉందో లేదో చూడటం. చాలా ప్రమాదాలు ఖాళీగా ఉందనుకున్న తుపాకీ వల్లే జరుగుతాయి. పిస్టల్‌లో తూటాలు రెండు చోట్ల ఉండవచ్చు: పిడిలో ఉండే మ్యాగజైన్‌లో, గొట్టం వెనక ఉండే ఛాంబర్‌లో. మ్యాగజైన్ తీసినంత మాత్రాన ఛాంబర్‌లోని తూటా బయటికి రాదు. వరుస ఇది: గొట్టం సురక్షితమైన వైపు, వేలు బయట, ముందు మ్యాగజైన్ తీయాలి, తర్వాత స్లైడు వెనక్కి లాగాలి, అక్కడే తెరిచి ఆపాలి, ఛాంబర్‌లోకి కంటితో చూడాలి, చిటికెన వేలితో తడిమి చూడాలి. ఈ వరుస తారుమారు చేసి ముందు స్లైడు లాగి తర్వాత మ్యాగజైన్ తీస్తే ఏమవుతుందో చూడండి. లాగినప్పుడు పాత తూటా బయట పడుతుంది, వదిలినప్పుడు మ్యాగజైన్ నుంచి కొత్తది ఛాంబర్‌లోకి ఎక్కుతుంది. కళ్లముందు ఒక తూటా కింద పడింది, మ్యాగజైన్ చేతిలోకి వచ్చింది, మనిషి ఖాళీ అయిందని గట్టిగా నమ్ముతాడు. లోపల మాత్రం తూటా ఉంది. ఒకాయన తన అన్నగారి పిస్టల్ తెచ్చి ‘ఖాళీయే, ఇంటి దగ్గర చూశాను’ అని పెట్టె తెరవబోయాడు. రేంజిలో బల్ల మీద, గొట్టం తూటాలను ఆపే మట్టికట్ట వైపు ఉంచి తెరిపించాను. స్లైడు లాగగానే ఇత్తడి తూటా ఎగిరి బల్ల మీద దొర్లింది. చాలాసేపు ఆయన నోట మాట రాలేదు. ఆ రోజు మిగిలినవాళ్లకు నేను ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది.

మొదటిసారి కాల్చడానికి చిన్న తూటాలు వాడే పాయింట్ 22 పిస్టల్ చాలు. దాని కుదుపు తక్కువ, చప్పుడు తక్కువ. మొదటిరోజే అంతకన్నా పెద్ద తూటాల 9 ఎం.ఎం. పిస్టల్ చేతికిస్తే కొత్తవాళ్లు ట్రిగ్గర్ నొక్కేముందే కళ్లు మూసుకుని మణికట్టు కిందికి వంచేస్తారు. ఆ భయం ఒకసారి చేతికి అలవాటైతే పోగొట్టడానికి నెలలు పడుతుంది. చెవులకు లోపల మెత్తటి ఫోమ్ ప్లగ్గులు, పైన చెవులను మూసే మఫ్స్ రెండూ పెట్టుకోండి. కళ్లద్దాలు తప్పనిసరి. మెడ దాకా మూసి ఉండే చొక్కా వేసుకోండి, ముందు అంచున్న టోపీ పెట్టుకోండి. కాల్చిన ప్రతిసారీ తూటా ఖాళీ తొడుగు వేడిగా పక్కకు ఎగురుతుంది. అది కాలర్‌లో పడితే చర్మం కాలుతుంది. కాలినప్పుడు మనిషి గభాలున పక్కకు తిరుగుతాడు, చేతిలోని పిస్టల్ కూడా అతనితో పాటే పక్కవాళ్ల వైపు తిరుగుతుంది. రేంజిలో నన్ను అన్నిటికన్నా కంగారు పెట్టేది ఇదే. చున్నీలు, వదులు మెడల కుర్తీలు వద్దని ఆడవాళ్లకు ముందే కబురు చేస్తాను. వేడి తొడుగు పడినా సరే, ముందు పిస్టల్ కింద పెట్టి తర్వాతే దులుపుకోవాలని అందరితో రెండుమూడుసార్లు సాధన చేయిస్తాను.

ట్రిగ్గర్ నొక్కాక తూటా పేలకపోతే తుపాకీని తిప్పి లోపలికి చూడకండి. గొట్టం గురి వైపే ఉంచి అర నిమిషం ఆగండి. ఆలస్యంగా పేలే తూటాలు ఉంటాయి. చప్పుడు మామూలుకన్నా నీరసంగా వచ్చినా ఆపేయండి, గుండు గొట్టంలో ఇరుక్కుని ఉండవచ్చు. వెనకే ఇంకోటి కాలిస్తే గొట్టం పగులుతుంది. అయిపోయాక చేతులు, మొహం చల్లటి నీళ్లతో సబ్బు పెట్టి కడుక్కోండి. తూటాల్లో సీసం ఉంటుంది. ఇంటికి వెళ్లగానే పిల్లలను ఎత్తుకునేముందు బట్టలు మార్చుకోండి.

కాగితాల పని. ఇది మీరు భయపడినంత కష్టం కాదు. సర్టిఫికెట్, గ్రీన్‌కార్డు, నివాస రుజువు పట్టుకుని ఊరి పోలీసు శాఖకు వెళ్లాలి, వేలిముద్రలు ఇవ్వాలి. వేలిముద్రలకు, ఇంటర్వ్యూలకు ఒక్కో ఊరిది ఒక్కో పద్ధతి, ముందు ఫోను చేసి కనుక్కోండి. ఊరికి 70 డాలర్లు, తర్వాత రాష్ట్రానికి 70, ఇవి కాక ఎఫ్‌బీఐ తనిఖీ రుసుము. ఊరివాళ్లు ఎనిమిది వారాల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. తాత్కాలిక పర్మిట్ 60 రోజులు చెల్లుతుంది. ఆలోగా దాన్ని తీసుకుని రాష్ట్ర అత్యవసర సేవలు, ప్రజారక్షణ శాఖకు వెళ్లాలి. ఆ శాఖ ప్రధాన కార్యాలయం మిడిల్‌టౌన్‌లో, మన సత్యనారాయణ స్వామి గుడి ఉన్న ఊళ్లోనే ఉంది. తిరస్కరిస్తే 90 రోజుల్లో పర్మిట్ల అప్పీలు బోర్డుకు వెళ్లవచ్చు. వెంట పెట్టుకుని తిరిగే ఉద్దేశం లేకుండా ఇంట్లో ఉంచుకోవడానికే అయితే అర్హత సర్టిఫికెట్ అనే వేరే కాగితం కూడా ఉంది. దానికీ శిక్షణ కావాలి. ఈ రెండిటిలో ఏదో ఒకటి లేకుండా ఈ రాష్ట్రంలో పిస్టల్ కొనలేరు.

కొనేచోట నింపే 4473 ఫారంలో మాదకద్రవ్యాల ప్రశ్న ఉంటుంది. గంజాయి కనెక్టికట్‌లో 2021 నుంచి పెద్దవాళ్లకు చట్టబద్ధమే అయినా సమాఖ్య చట్టంలో కాదని ఆ ఫారం మీదే హెచ్చరిక ఉంటుంది. అక్కడ అబద్ధం రాయడం దానికదే నేరం.

పర్మిట్ వచ్చాక హద్దులు. మీ కనెక్టికట్ పర్మిట్ న్యూయార్క్‌లో చెల్లదు, న్యూజెర్సీలో చెల్లదు, మసాచుసెట్స్‌లోనూ చెల్లదు. ఇక్కడి తెలుగువాళ్లు న్యూయార్క్‌లోని ఫ్లషింగ్ వినాయకుడి గుడికి, న్యూజెర్సీలోని బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరస్వామి గుడికి, ఎడిసన్‌లో చుట్టాల ఇళ్లకు కార్లలో తరచూ వెళుతుంటారు. కారులో పిస్టల్ మరిచిపోయి న్యూయార్క్ సరిహద్దు దాటితే అది గట్టి నేరం. మీలాంటి గ్రీన్‌కార్డుదారులకు ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే తుపాకీ నేరంలో శిక్షపడితే దేశం నుంచి పంపేయడానికి ఇమిగ్రేషన్ చట్టంలో ప్రత్యేకంగా నిబంధన ఉంది. అమెరికా పౌరుడికి జరిమానాతోనో జైలుతోనో పోయేది మీకు కార్డునే పోగొట్టవచ్చు. రాష్ట్రంలో కూడా బడి ఆవరణలోకి తీసుకెళ్లకూడదు. ఉగాది వేడుకలు, పిల్లల తెలుగు తరగతులు, బతుకమ్మ ఎక్కువగా హైస్కూలు హాళ్లలోనే జరుగుతాయని మీకు తెలుసు. సెలవురోజైనా బడి బడే.

ఇండియా వెళ్లేటప్పుడు ఒక జాగ్రత్త. రేంజికి తీసుకెళ్లే సంచిని ఇంకే పనికీ వాడకండి. దాని అరలో మిగిలిపోయిన ఒక్క తూటా శంషాబాద్ విమానాశ్రయంలో స్కానర్‌కు కనబడితే 1959 నాటి ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. సెలవులన్నీ పోలీసు స్టేషను, లాయరు చుట్టూనే గడుస్తాయి.

ఇంట్లో దాచడం. 2018లో ఈ రాష్ట్రంలోనే గిల్‌ఫర్డ్‌లో 15 ఏళ్ల ఈథన్ సాంగ్ స్నేహితుడి ఇంట్లో సరిగా భద్రపరచని తుపాకీ పేలి చనిపోయాడు. ఆ కుర్రవాడి తల్లిదండ్రులు పోరాడగా 2019లో అతని పేరుతోనే చట్టం వచ్చింది. 2023లో దాన్ని ఇంకా బిగించారు. తాళం వేసిన పెట్టెలో తుపాకీ, వేరే తాళంలో తూటాలు. బీరువాలో చీరల కింద పెట్టడం, అలమర పై అరలో పెట్టడం దాచడం కాదు. ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో పెద్దవాళ్లకన్నా పిల్లలకే బాగా తెలుసు. తుపాకీ పోయినా, దొంగతనమైనా తెలిసిన 72 గంటల్లో పోలీసులకు చెప్పాలి.

అమెరికాలో ఏటా తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. ఈ మాట నా ప్రతి తరగతిలో చెబుతాను, ఎవరికీ ఇష్టం ఉండదు. మన ఇళ్లలో దిగులు, ఉద్యోగం పోయిన దెబ్బ, పిల్లల చదువుల ఒత్తిడి బయటికి చెప్పుకోరు. ఇంట్లో ఎవరైనా అలాంటి రోజుల్లో ఉంటే అప్పుడు తుపాకీ కొనకండి. ఉన్నది ఉంటే ఇంటి నుంచి తీసేయండి, ఎక్కడ ఉంచాలో స్థానిక పోలీసులను అడిగి చట్టబద్ధంగా చేయండి. ఆత్మహత్య ఆలోచనలతో ఉన్నవాళ్లకు సాయం చేసే 988 నంబరుకు ఫోను చేస్తే ఏ వేళలోనైనా మాట్లాడతారు.

ఇప్పుడు మీ అసలు భయం, బంగారం. నిర్మొహమాటంగా చెబుతున్నాను, తుపాకీ బంగారాన్ని కాపాడదు. ఇళ్లు దోచేవాళ్లు ఎక్కువగా మనుషులు లేని వేళ చూసుకుని వస్తారు. మీరు ఆఫీసులోనో పెళ్లిలోనో ఉంటారు, అప్పుడు నగలతో పాటు తుపాకీ కూడా దొంగ చేతికి పోతుంది. మీరు ఇంట్లోనే ఉన్నా, కేవలం సొమ్ము కాపాడుకోవడానికి ప్రాణం తీసే బలం వాడే హక్కు కనెక్టికట్ చట్టం ఇవ్వదు. ఇంటి బయట అయితే, క్షేమంగా తప్పుకునే వీలుంటే తప్పుకోవాలనే చెబుతుంది. నగలు బ్యాంకు లాకర్లో పెట్టండి, అలారం పెట్టించండి, ఊరెళుతున్న సంగతి ఫేస్‌బుక్‌లో పెట్టకండి. మీ ప్రాణానికి, పిల్లల ప్రాణానికి ముప్పు ఉందని నమ్మి, దాని బరువు మోయగలమనుకుంటేనే తుపాకీ సంగతి ఆలోచించాలి.

అందుకే మీ భార్య మాట ముఖ్యమన్నాను. ఆమెను ఒప్పించి తీసుకురావద్దు. చూసి నిర్ణయిద్దామని తీసుకురండి. ఒక జంట నా దగ్గర తరగతి పూర్తిచేశారు, ఆవిడ భర్తకన్నా చక్కగా గురి కొట్టింది. పర్మిట్‌కు దరఖాస్తు చేయకూడదని ఇద్దరూ కలిసే నిర్ణయించుకున్నారు. ఆ తరగతి వృథా అని నేను అనుకోను. పిల్లలు స్నేహితుల ఇళ్లకు ఆడుకోవడానికి వెళ్లేటప్పుడు ‘మీ ఇంట్లో తుపాకీ ఉందా, తాళంలో ఉందా’ అని అడిగే ధైర్యం ఆవిడకు అప్పుడే వచ్చింది. ఇంకొక జంట కొన్నారు, ఏటా వేసవిలో మళ్లీ వచ్చి సాధన చేస్తారు. ఒకరు ఒప్పుకోని ఇంట్లోకి మాత్రం తుపాకీ రాకూడదు. అక్కడ తాళం కోడ్ దగ్గర నుంచి ప్రతిదీ రహస్యమవుతుంది.

మీరుండే ఊరు ఏదో రాయండి. హార్ట్‌ఫర్డ్ చుట్టుపక్కల ఊళ్లలో వేలిముద్రలకు ఏ రోజుల్లో రమ్మంటారో, ఏ కాగితాలు అదనంగా అడుగుతారో నా విద్యార్థులను కనుక్కుని చెబుతాను.